రచన నేర్పితే వస్తుందా? ఒక గుమాస్తా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలిసినప్పుడల్లా నకారా కేసు చెప్పుకోవడం ఆనవాయితీ. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి పెట్టే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతి మన అధ్యక్షులవారు నాకన్నా బాగా చెప్పారు. నాకు మాత్రం కార్యదర్శిగారు వేరే పని అప్పజెప్పారు. దాని వెనక చిన్న కథ ఉంది.

మన సంఘ సభ్యులొకరి మనవరాలు ఇంజనీరింగు పూర్తిచేసి, ఇంగ్లండు వెళ్ళి సృజనాత్మక రచనలో ఎమ్మే చదువుతానంది. తాతగారు నిర్ఘాంతపోయారు. "కథలు రాయడానికి కూడా ఎమ్మేనా? శ్రీపాద వారు ఏ యూనివర్సిటీలో చదివి రాశారు?" అని అడిగారట. ఆ అమ్మాయి, "మరి మీకు నోటు రాయడం పుట్టుకతోనే వచ్చిందా తాతయ్యా?" అందట. ఆయన ఆ ప్రశ్నను జేబులో పెట్టుకుని నా దగ్గరకొచ్చారు. మన సంఘంలో ఆ విద్యలో డిప్లొమా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆయనకు తెలుసు. ఇంతకుముందు ఈ సంగతి తెలియనివాళ్ళు నవ్వుకోవచ్చు. మా ఆవిడ కూడా నవ్వింది.

నేను 1973లో జూనియర్ అసిస్టెంటుకన్నా చిన్నమాటతో, అంటే ఎల్డీసీగా చేరి, 2009లో యాభై ఎనిమిదేళ్ళకు రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్ళు రాసిందే రాశాను. నా చేత్తో రాసిన కాగితాలన్నీ పేరిస్తే ఈ హాలు నిండుతుంది. ఇంత రాసినవాడికి ఇంకొకరు రాయడం నేర్పాలా అని నేనూ అనుకున్నవాణ్ణే.

ముందు అసలు ప్రశ్న తీసుకుందాం. రచన నేర్పితే వస్తుందా? కవి పుడతాడే గాని తయారుకాడని మనవాళ్ళంటారు. కాని మన అలంకారశాస్త్రం అంత మొండిగా చెప్పలేదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యం పుట్టడానికి కారణాలు చెబుతూ, పుట్టుకతో వచ్చే శక్తి ఒకటి, లోకాన్నీ శాస్త్రాలనీ కావ్యాలనీ చూసి సంపాదించుకునే నైపుణ్యం ఒకటి, కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసం ఒకటి అని, మూడూ కలిస్తేనే అన్నాడు. ఆ శిక్షణ అనే మాట గమనించండి. కాశ్మీరంలో పదకొండో శతాబ్దపు క్షేమేంద్రుడైతే, కవి కాదలచినవాడు ఏం చెయ్యాలో చెబుతూ కవికంఠాభరణం అని ఒక చిన్న పుస్తకమే రాశాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది సిలబస్సు. పద్యం రాసి గురువుగారి దగ్గర దిద్దించుకున్నవాళ్ళు మన తాతల తరంలో ఊరికిద్దరుండేవారు. కనుక ఈ విద్య మనకు కొత్తది కాదు, దానికి డిగ్రీ ఇవ్వడం కొత్త.

ఆ డిగ్రీ వ్యవహారం అమెరికాలో మొదలైంది. అయోవా అని మొక్కజొన్న పండే రాష్ట్రం. అక్కడి విశ్వవిద్యాలయం 1922లోనే, పై డిగ్రీకి పరిశోధన వ్యాసం బదులు సొంతంగా రాసిన కథలో కవితలో ఇచ్చినా అంగీకరిస్తామని ప్రకటించింది. 1936లో రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ప్రత్యేక శాఖ పెట్టారు. మనకు వర్క్‌షాపంటే ఆర్టీసీ గ్యారేజీ. నిజానికి వాళ్ళు చేసేదీ అదే, బండి విప్పి చూడటం. దాని మొదటి డైరెక్టరు విల్బర్ శ్రామ్. మన దగ్గర జర్నలిజం చదివినవాళ్ళకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1965లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ పెట్టడానికి దారితీసిన సలహా బృందంలో ఆయన ఉన్నాడు. కథలు రాయడం నేర్పే బడినీ, వార్తలు రాయడం నేర్పే బడినీ రెండింటినీ తాకిన మనిషన్నమాట.

అయోవాలో పాఠం చెప్పే పద్ధతి మనకు సులువుగా అర్థమవుతుంది. విద్యార్థి తన కథను ఇస్తాడు. పాతరోజుల్లో దాన్ని సైక్లోస్టైలు చేసి అందరికీ పంచేవారు. (స్టెన్సిలు కోసి, తప్పుపోతే ఎర్ర ఫ్లూయిడు పూసి, వేళ్ళకు సిరా అంటించుకున్న వాళ్ళు ఈ హాల్లో కనీసం పాతికమంది ఉన్నారు.) అందరూ చదువుకుని వచ్చి, బల్ల చుట్టూ కూర్చుని ఆ కథలో ఏది నిలబడింది, ఏది పడిపోయింది చెబుతారు. రాసినవాడు అక్కడే కూర్చుంటాడు గాని నోరెత్తకూడదు. "నా ఉద్దేశం అదికాదండీ" అనే అవకాశం లేదు. ఉద్దేశం కాగితం మీద కనబడాలి, కనబడకపోతే లేనట్టే. రచన నేర్పలేమని, ఉన్న ప్రతిభను మాత్రం పెంచగలమని ఆ సంస్థవాళ్ళే చెప్పుకుంటారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అక్కడ చదివిన ఫ్లానరీ ఓకానర్ అనే ఆవిడ సంగతి చెబుతాను. దక్షిణాన జార్జియా రాష్ట్రం నుంచి 1945లో జర్నలిజం చదవడానికి వచ్చింది. శాఖాధిపతి పాల్ ఎంగిల్ గదిలోకి వెళ్ళి ఏదో అడిగింది. ఆవిడ యాస ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా శ్రీకాకుళం మిత్రుడు మొదటిసారి మా ఆఫీసుకొచ్చినప్పుడు అలాగే అయింది. చెప్పింది రాసిమ్మని ఆయన కాగితం ఇచ్చాడు. తాను జర్నలిస్టును కాదని, రచయితల తరగతిలో చేర్చుకుంటారా అని ఆవిడ రాసిచ్చింది. చేర్చుకున్నారు. తరగతిలో తన కథ తాను చదవడానికి కూడా సిగ్గుపడితే ఆయనే పైకి చదివి వినిపించేవాడట. 1964లో ముప్పై తొమ్మిదేళ్ళకే పోయింది గాని, అమెరికా కథ గురించి మాట్లాడేవాళ్ళు ఈనాటికీ ఆవిడ పేరు లేకుండా మాట్లాడరు.

మన అమ్మాయి వెళతానంటున్న ఇంగ్లండులో ఈ చదువుకు పేరుతెచ్చింది ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం. 1970లో మాల్కం బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ అనే ఇద్దరు నవలాకారులు మొదలుపెట్టారు. మొదటి ఏడు చేరింది ఒక్క కుర్రాడు, ఇయాన్ మెకీవన్. 1998లో ఆయనకు బుకర్ బహుమతి వచ్చింది. పదేళ్ళ తర్వాత అక్కడే చదివిన కజువో ఇషిగురోకు 2017లో నోబెల్ వచ్చింది. నాగసాకిలో పుట్టి, ఐదేళ్ళప్పుడు ఇంగ్లండు వచ్చిన మనిషి. ఇవన్నీ చెప్పి తాతగారిని ఒప్పించాలని కాదు. చేరినవాళ్ళందరికీ నోబెల్ రాదు. అక్కడ చదివి ఇంకేదో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళే ఎక్కువమంది ఉంటారని ఎవరైనా ఊహించగలరు.

ఇక నా సంగతికి వస్తాను.

రిటైరయ్యాక ఏడాది బాగానే గడిచింది. తర్వాత పేపరు చదవడం తొమ్మిదింటికే అయిపోయేది. అప్పుడు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్ళ ఇంగ్లీషు సృజనాత్మక రచన డిప్లొమా గురించి తెలిసింది. వయోపరిమితి లేదు, ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. రచన సాధారణ సూత్రాలు, పత్రికా వ్యాసాలు, కథానిక, రేడియో టీవీ రచన, కవిత్వం అని భాగాలు, చివర ప్రాజెక్టు. ఏడాదిలో పూర్తిచేసే కోర్సు నాకు మూడేళ్ళు పట్టింది. కవిత్వం జోలికి పోలేదు. నేను తెలుగులో రాసుకుని ఇంగ్లీషులో పెట్టేవాణ్ణి. ఫీజు కట్టిన రోజు మా అబ్బాయి, "నాన్నా, ఇంక్రిమెంటు వస్తుందా?" అని వేళాకోళం చేశాడు.

కథానిక భాగంలో ఒక అసైన్‌మెంటు. ఉద్యోగ జీవితంలో మరవలేని సంఘటనను కథగా రాసుకున్నాను. ఏ ఆఫీసన్నది అనవసరం. 1986లో నేను పెన్షను సీటులో ఉన్నాను. మా శాఖలోనే ఒక మారుమూల కార్యాలయంలో అటెండరు సర్వీసులో ఉండగా చనిపోయాడు. భార్య ఫ్యామిలీ పెన్షనుకు కాగితాలు పంపుకుంది. వాటిలో రెండు లోపాలు. ఎమ్మార్వో ఇచ్చే వారసుల ధ్రువపత్రం లేదు, వేలిముద్రలూ పుట్టుమచ్చలూ ఉన్న పత్రం మీద గెజిటెడ్ అధికారి సంతకం లేదు. నేను మెమో తయారుచేశాను. అధికార భాషా చట్టం 1966లో వచ్చినా ఇంకా చాలామంది ఇంగ్లీషులోనే రాస్తున్న రోజులు, నేను పట్టుబట్టి తెలుగులో రాసేవాణ్ణి. అది నా గర్వం. ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "సదరు ప్రతిపాదనలు నిర్ణీత నమూనాలో లేనందునను, జతపరచవలసిన ధ్రువపత్రములు జతపరచనందునను, తగు చర్య నిమిత్తము అసలుతో సహా తిప్పి పంపడమైనది." సూపరింటెండెంటుగారు ఒక్క కామా కూడా మార్చలేదు. కాగితాలు తిరిగి వెళ్ళాయి, రిజిస్టరులో ఎన్.డిస్. అని రాసి మూసేశాను.

మిత్రులారా, ఆ వాక్యంలో తప్పేమిటో చెప్పండి. వ్యాకరణం సరిగ్గా ఉంది. నిబంధన సరిగ్గా ఉంది.

రెండేళ్ళ మూడు నెలల తర్వాత ఆవిడ ఆఫీసుకొచ్చింది. నా మెమోను పాలిథిన్ కవరులో పెట్టి, కొంగున కట్టుకుని తెచ్చింది. "పింఛను ఇయ్యం అని రాశారంట గదయ్యా, ఎందుకియ్యరో అడుగుదామని వచ్చా" అంది. ఊళ్ళో చదువుకున్నాయన ఎవరో చూసి, తిప్పి పంపారంటే ఇవ్వరని అర్థం అని చెప్పాడట. ఆయన్ను మాత్రం ఏమనగలం? ఏ రెండు కాగితాలు తేవాలో నా వాక్యంలో ఉందా? ఎవరి దగ్గర తేవాలో ఉందా? మళ్ళీ పంపితే ఇస్తామన్న మాట ఉందా? ఆ రెండేళ్ళూ ఆవిడ పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళింది. పెద్దపిల్లాడు తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. నేను దగ్గరుండి కాగితాలు తెప్పించాను, పెన్షను మంజూరైంది, బకాయిలన్నీ కలిపి వచ్చాయి. డబ్బు వచ్చింది. పిల్లాడి బడి బకాయిల్లో రాలేదు.

దీన్నే కథగా రాశాను. మంచి పని చేసినవాడి కథలాగా రాశాను, దాచడమెందుకు. కాగితం తిరిగొచ్చింది. అంతా ఎర్రసిరా. మొదటి పేజీలో నేను రాసిన వాక్యం, ఇంగ్లీషులో, దరఖాస్తును తిప్పి పంపడానికి నిర్ణయించడమైనది అని. దాని కింద గీతగీసి, పక్కన ఒకే మాట: "ఎవరు?" ఇంకో చోట, ఆలస్యము జరిగినది. పక్కన మళ్ళీ, "ఎవరి వల్ల?" మూడు పేజీల్లో ఆ ప్రశ్న పదకొండుసార్లు ఉంది. లెక్కపెట్టాను, లెక్కపెట్టడం మన వృత్తి కదా.

నాకు కోపం వచ్చింది. ఆ అధ్యాపకురాలికి నా కూతురి వయసు. ఆఫీసు భాష తెలియక అడిగిందనుకున్నాను. రెండు రోజులు ఆ కాగితం బీరువాలో పడేశాను. మూడో రోజు తీసి, ఒక్కో ప్రశ్నకూ జవాబు రాయడం మొదలుపెట్టాను. ఎవరు తిప్పి పంపారు? నేను. ఎవరి వల్ల ఆలస్యం? నా వల్ల. మనందరికీ తెలుసు, ఆఫీసులో "నేను" అనే మాట రాయకూడదు. పరిశీలించడమైనది, ఆదేశించడమైనది, తెలియజేయడమైనది. అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి. దానికి మంచి కారణమూ ఉంది, నిర్ణయం ప్రభుత్వానిది గాని గుమాస్తాది కాదు. కాని ముప్పై ఆరేళ్ళు ఆ వాక్యంలో కాపురం చేస్తే, తన ఇంట్లో తాను కనబడకుండా పోయే విద్య కూడా వచ్చేస్తుంది.

ఆ నెల ఆదివారం తరగతికి వెళ్ళాను. ఏడుగురం. కథ చదివాను. అయోవా పద్ధతే, నేను మాట్లాడకూడదు. అందరూ ఏవేవో చెప్పారు. చివర్లో ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి, "ఆవిడ పేరేమిటి అంకుల్?" అని అడిగింది. అప్పుడు మాట్లాడవచ్చన్నారు. మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. ఆర్.సి. నంబరు గుర్తుంది. చనిపోయిన అటెండరు పేరు గుర్తుంది. ఆవిడ పేరు గుర్తు రాలేదు. మా కాగితాల్లో ఆవిడ ఎప్పుడూ "కీర్తిశేషులు ఫలానా వారి భార్య"యే. నా కథలోనూ అంతే.

ట్రెజరీలో పనిచేసిన మిత్రుణ్ణి పట్టుకుని పేరు కనుక్కున్నాను. 2004 తర్వాత ఆ పెన్షను ఎవరూ తీసుకోలేదని కూడా ఆయన చెప్పాడు. మనకు వేరే వివరించనక్కర్లేదు. పేరు ఇక్కడ చెప్పను, ఆవిడ పిల్లలున్నారు. కథ మొత్తం తిరగరాశాను. రెండోసారి "బి" గ్రేడు వచ్చింది.

ఇది సృజనాత్మక రచన కోర్సులో జరిగింది గాని, నాకు పనికొచ్చింది వృత్తి రచనలో. రెంటికీ మధ్య గోడ కట్టడం తప్పని నా అభిప్రాయం. బ్రిటిష్ ఖజానా శాఖ కోరితే సర్ ఎర్నెస్ట్ గవర్స్ అనే పెద్ద అధికారి 1948లో ప్రభుత్వోద్యోగుల కోసం ప్లెయిన్ వర్డ్స్ అని ఒక పుస్తకం రాశాడు. ఉత్తరం అందుకునే మనిషిని కళ్ళముందు పెట్టుకుని రాయమనడమే దాని సారం. మన దగ్గర పత్రికల్లో బూదరాజు రాధాకృష్ణగారు ఈనాడు జర్నలిజం స్కూల్లో కుర్రాళ్ళకు వాడుక తెలుగులో రాయడం నేర్పారు. మన ఆఫీసుల్లో డ్రాఫ్టు దిద్దే సూపరింటెండెంట్లు గొప్పవాళ్ళున్నారు, నా మొదటి సూపరింటెండెంటుగారికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. కాని వాళ్ళు దిద్దింది పైఅధికారి చదువుతాడని. ఆ అటెండరు భార్య చదువుతుందని ఎవరూ దిద్దలేదు.

ఈమధ్య మా మనవడు ఫోనులో యంత్రం చేత ఉత్తరం రాయించి చూపించాడు. అరనిమిషంలో రాసింది. "తెలియజేయడమైనది" అని ముగించింది. మన ఉత్తరాలే చదివి నేర్చుకున్నట్టుంది పాపం.

ఇక తాతగారి ప్రశ్నకు నా జవాబు. చదవనివ్వండి, కాని ఇల్లు తాకట్టు పెట్టవద్దు. ఆ ఎమ్మే ఉద్యోగానికి హామీ కాదు. రాతతోనే బతకాలనుకుంటే జర్నలిజమో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యంత్రాలూ ప్రోగ్రాములూ వాడే పద్ధతి వివరించి రాసే టెక్నికల్ రైటింగో చేతిలో పెట్టుకోవడం మంచిది. హైదరాబాదులో ఆ ఉద్యోగాలున్నాయి. ఇంగ్లండు వెళ్ళేముందు ఇక్కడ దూరవిద్యలో ఒక ఏడాది చూసుకోమనండి. ఎర్రసిరా చూసి రెండు రోజుల్లో కోపం తగ్గి మళ్ళీ కాగితం తీస్తే ఆ అమ్మాయికి ఈ చదువు సరిపడుతుంది. బీరువాలోనే ఉంచేస్తే ఇంజనీరింగు ఉండనే ఉంది.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. టీ చల్లారుతోందని వెనకనుంచి సైగలు చేస్తున్నారు. మన సంఘం ఆఫీసులో గురువారాలు నేను ఫ్యామిలీ పెన్షనర్లకు ఉత్తరాలు రాసిపెడుతున్న సంగతి కొందరికి తెలుసు. వచ్చిన మెమోలు చదివి, ఏ కాగితం ఎక్కడ తేవాలో తెలుగులో ఒక చీటీ రాసిస్తున్నాను. చీటీ పైన ముందు వచ్చినావిడ పేరు రాస్తాను. వచ్చే నెల నుంచి పదకొండు గంటల తర్వాత ఇంకో గంట పెడదామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకున్నవాళ్ళు, రాయాలనుకుంటున్నవాళ్ళు రండి. భర్త సర్వీసు గురించి రాయాలనుకునే అమ్మలు తప్పకుండా రండి. మనవరాలుగారు కూడా వస్తానన్నారు. రెండు పేజీలు మించవద్దు. కాపీలు ఏడు తీయించుకురండి, జిరాక్సు ఖర్చు సంఘం భరిస్తుంది. చదివేటప్పుడు మాత్రం రాసినవారు మాట్లాడకూడదు.